నాలుగు నిమ్మకాయలు, ఒక ఇంజను

కొత్త కారు డెలివరీ రోజున షోరూంలో హడావుడి చూస్తే ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నారేమో అనిపిస్తుంది. కారు మీద ఎర్రగుడ్డ, బానెట్ మీద బంతిపూల దండ, అద్దం మీద కుంకుమతో స్వస్తిక్, ఆసామి చేతికి అట్టతో చేసిన మూరెడు తాళంచెవి. స్వీటు డబ్బా, ఫొటో, చప్పట్లు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మేనేజరు స్వయంగా ఏసీ గదిలోంచి బయటికొచ్చి, "సార్, ఈ రోజు నుంచి మీరు మా ఫ్యామిలీ" అంటాడు. ఆ చుట్టరికానికి గడువు మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. ఏది ముందైతే అది.

నిమ్మకాయ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అమెరికాలోనూ కారుకూ నిమ్మకాయకూ సంబంధం ఉంది. కాకపోతే అక్కడ నిమ్మకాయ చక్రం కింద ఉండదు, కారే నిమ్మకాయ. కొన్నవాడి పళ్లు పులిసేలా పదేపదే రిపేరుకొచ్చే కొత్త బండిని వాళ్లు 'లెమన్' అంటారు. అలాంటి బండిని కంపెనీ మార్చివ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి అనే 'లెమన్ లా' 1982లో కనెక్టికట్ రాష్ట్రంలో వచ్చింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ తెచ్చుకున్నాయి. మనకు కార్ల కోసం విడిగా అలాంటి చట్టం లేదు. నిమ్మకాయ తొక్కించడంతో మన జాగ్రత్త పూర్తయినట్టే.

ఇక ఆసామి కథ. పేరు అక్కర్లేదు, మీ వీధిలోనే ఒకడుంటాడు. బ్యాంకు లోను ఏడేళ్లు, వారంటీ మూడేళ్లు, మధ్యలో మిగిలిన నాలుగేళ్లు వెంకన్న మీద భారం వేసి నడుపుతున్నాడు. 'ఎక్స్‌టెండెడ్ వారంటీ' తీసుకోమని కొన్న రోజున షోరూంవాళ్లు చెప్పకపోలేదు. అదే నోటితో "మా ఇంజనుకు చావు లేదు సార్" అని కూడా చెప్పారు. రెండింట్లో డబ్బు ఖర్చు లేని మాటను ఆసామి నమ్మాడు.

మూడేళ్లు నిండిన నలభై మూడో రోజున, విజయవాడ వెళ్తుండగా సూర్యాపేట దాటాక, బానెట్ కింద ఎవరో రోకలితో దంచుతున్నట్టు టకటకమని చప్పుడు. తర్వాత డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా ఆయిల్ లైటు. తర్వాత చప్పుడూ లేదు, ఇంజనూ లేదు. బండి క్రేను మీదెక్కి, వచ్చిన దారినే హైదరాబాద్ సర్వీస్ సెంటరుకు చేరింది.

అక్కడ ఇంజను దించి, ఆయిలు ట్రేలోకి వదిలారు. కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉన్న ఆ ఆయిల్లో, ట్యూబులైటు వెలుగు పడగానే, బంగారుపని చేసే చోట ఊడ్చిన రజను లాంటిది తళతళమంది. కుర్ర మెకానిక్ అయస్కాంతం పెట్టి చూశాడు. ఒక్క నలుసూ అంటుకోలేదు. "ఇనుము కాదు సార్, బేరింగు మెటల్" అన్నాడు. కనెక్టింగ్ రాడ్డుకూ క్రాంక్‌షాఫ్టుకూ మధ్య పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర తెగితే బేరింగు అరుగుతుంది, ఊగుతుంది, చివరికి క్రాంకుకు కరుచుకుంటుంది. మెకానిక్కులు ముక్తసరిగా 'సీజ్ అయింది' అనేది దీన్నే. మొత్తం సర్వీస్ సెంటరులో నిజం చెప్పినవాడు ఆ కుర్రాడొక్కడే. అతన్ని వెంటనే వేరే కారు కడగడానికి పంపేశారు.

సర్వీస్ అడ్వైజరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"సార్, ఇంజను మార్చాలి. పార్ట్స్, లేబరు, జీఎస్టీ కలిపి రెండు లక్షల పైచిలుకు అవుతుంది."

"వారంటీ ఉంది కదండీ?"

"నలభై మూడు రోజుల కిందటే అయిపోయింది సార్."

"బండి తిరిగింది అరవై ఒక్క వేలే కదా? లక్ష అన్నారు!"

"ఏది ముందైతే అది సార్."

కంప్యూటరుకు ఎంత జ్ఞాపకశక్తి! ఆటోమొబైల్ పరిశ్రమ లెక్కలు ఇంత కచ్చితంగా ఉంటాయా అని ముచ్చటేస్తుంది. అయితే శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండలోని కియా ఫ్యాక్టరీ సంగతి కూడా గుర్తు తెచ్చుకోవాలి. ఏళ్ల తరబడి దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని 2025లో అక్కడ పోలీసు కేసు నమోదైంది. పాపం, అక్కడ కంపెనీయే బాధితురాలు. ఇంజన్లంటే జేబులో పట్టేవి కావు, చీర కొంగున కట్టుకుపోయేవీ కావు. తొమ్మిది వందల ఇంజన్లు గేటు దాటిన సంగతి లెక్కకు రావడానికి ఏళ్లు పట్టింది. అదే ఒక ఆసామి కారు వారంటీ గీత దాటితే, నలభై మూడు రోజులని గుక్క తిప్పుకోకుండా చెప్పే వ్యవస్థ ఈ పరిశ్రమకు ఉంది.

గడువు లెక్క తేలాక విచారణ మొదలవుతుంది. ముద్దాయి ఇంజను కాదు, ఆసామి. ఆయిల్ టైముకు మార్చారా? ఎక్కడ మార్చారు? నీళ్లలో నడిపారా? పెట్రోలు ఎక్కడ పోయించారు? రెండో సర్వీసు పన్నెండు రోజులు ఆలస్యమైందేం? ఆఖరికి ఆసామి ఒక నేరం ఒప్పుకున్నాడు. ఒకసారి ఊళ్లో పండక్కి వెళ్లినప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డులో ఆయిల్ మార్పించాడు. అడ్వైజరు ముఖం వెలిగిపోయింది. "అదీ సార్ సంగతి! బయట చేయిస్తే వారంటీ ఉన్నా పోయినట్టే."

ఈ డైలాగుకు వయసెక్కువ. స్పేర్ పార్టులు బయటి మెకానిక్కులకు దొరక్కుండా చేస్తున్నారన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేస్తామని గుండుగుత్తగా షరతు పెట్టకూడదని కూడా అదే ఆర్డరులో చెప్పింది. బయటి మెకానిక్ చేసిన తప్పు వల్ల పాడైతే ఆ మేరకే కాదనవచ్చు. కంపెనీలు ఆ ఆర్డరు మీద పైకోర్టుల మెట్లు ఎక్కాయి. ఆర్డరు ఢిల్లీలోనే ఆగిపోయింది. ఆటోనగర్ డైలాగు మాత్రం ప్రతి సర్వీస్ కౌంటరులో క్షేమంగా ఉంది.

తప్పంతా నడిపేవాడిదే అనడం మన దేశపు ఆచారం అనుకుంటే పొరపాటు. టయోటా అంటే మొండి ఇంజనుకు మారుపేరు. అలాంటి టయోటాలోనే 1997 నుంచి 2002 దాకా తయారైన కొన్ని ఇంజన్లలో ఆయిలు మడ్డి కట్టి బిగుసుకుపోవడం మొదలైంది. యజమానులు ఆయిల్ సరిగ్గా మార్చకపోవడమే కారణమని మొదట కంపెనీ అంది. ఆయిల్ మార్చిన బిల్లులతో జనం క్యూ కట్టారు. దాంతో 2002లో, దాదాపు 33 లక్షల బండ్లకు, కొన్న నాటి నుంచి ఎనిమిదేళ్ల వరకు, కిలోమీటర్ల లెక్క లేకుండా, ఆ మడ్డి వల్ల పాడైతే బాగుచేస్తామని ప్రకటించింది. డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ 'మడ్డి' అనడానికి ఒప్పుకోలేదు. ఆ పథకానికి 'ఇంజన్ ఆయిల్ జెలేషన్ కస్టమర్ సపోర్ట్ ప్రోగ్రాం' అని నామకరణం చేసింది. జెలేషన్ అంటే జెల్లీలా గడ్డకట్టడం. వింటే ఇంజనులో ఎవరో ఫలూదా చేస్తున్నారనిపిస్తుంది.

ఇంకో పాఠం హ్యుందాయ్, కియా అన్నదమ్ములది. అలబామా ఫ్యాక్టరీలో క్రాంక్‌షాఫ్టు చెక్కినప్పుడు రాలిన లోహపు రజను సరిగ్గా కడగకుండా మిగిలిపోయి, ఆయిలు దారికి అడ్డం పడి బేరింగులను తినేస్తోందని 2015లో అమెరికాలో 4.7 లక్షల సొనాటా కార్లను వెనక్కి పిలిచారు. 2017లో రెండు కంపెనీలూ కలిసి మరో 12 లక్షల దాకా పిలిచాయి. ఈ పిలుపుల్లో తిరకాసు ఉందని, పిలవాల్సినవాటిని పిలవడం లేదని హ్యుందాయ్‌లో పాతికేళ్లు పనిచేసిన కిమ్ గ్వాంగ్ హో అనే ఇంజనీరు 2016లో కాగితాలు పట్టుకుని అమెరికా రహదారి భద్రతా సంస్థ దగ్గరికి వెళ్లాడు. కంపెనీ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. 2020 నవంబరులో ఆ సంస్థ హ్యుందాయ్‌కి 14 కోట్ల డాలర్లు, కియాకు 7 కోట్ల డాలర్ల శిక్ష ఖరారు చేసింది. మరుసటి ఏడు కిమ్‌కు 2.4 కోట్ల డాలర్లకు పైగా బహుమానం ఇచ్చింది. ఆసామి సర్వీస్ సెంటరులో నిజం చెప్పిన కుర్రాడికి కారు కడిగే పని దొరికింది. దేశాన్ని బట్టి రేటు.

ఇంతకీ అక్కడి కారు యజమానులకు ఏం దక్కింది? కోర్టులో కలిసికట్టుగా వేసిన దావాలు రాజీకొచ్చాయి. దాదాపు 40 లక్షల బండ్లకు, అదే రకం బేరింగు చావుకు, ఇంజను కింది భాగమైన షార్ట్ బ్లాకు మీద జీవితకాలపు వారంటీ ఇస్తామని 2019 అక్టోబరులో కంపెనీలు ప్రకటించాయి. బేరింగు కొట్టుకోవడం ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ వేయించుకోవాలన్నది షరతు. అంతకుముందు సొంత డబ్బు పెట్టి రిపేరు చేయించుకున్నవాళ్లకు కూడా బిల్లు చూపిస్తే తిరిగిచ్చారు. బిల్లు చూపిస్తే! డాలస్‌లో ఉన్నా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా, చిత్తుకాగితాలని బిల్లులు పారేసినవాడి నోట్లో మాత్రం మట్టే.

ఇవన్నీ తెలియని మన ఆసామి కంపెనీకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు.

మొదటి ఈమెయిలు వీరరసం. మీ అంతు చూస్తానని, టీవీ చానెళ్లకు ఎక్కిస్తానని, షోరూం ముందు గాడిదతో కారు లాగిస్తానని. అరనిమిషంలో జవాబొచ్చింది: మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ టికెట్ నంబరు ఇది. రెండోది కరుణరసం. అమ్మ మోకాళ్ల నొప్పులు, బ్యాంకు వాయిదాలు, తిరుపతి మొక్కు. మళ్లీ అరనిమిషంలో జవాబొచ్చింది: అదే చింత, టికెట్ నంబరు మాత్రం కొత్తది. నవరసాల్లో ఏ రసానికీ కరగని సర్వర్లున్నాయని ఆసామికి అప్పుడు తెలిసింది.

డీలరును అడిగితే "మా చేతుల్లో లేదు సార్, కంపెనీ ఒప్పుకోవాలి." కంపెనీకి ఫోన్ చేస్తే "మీ డీలరునే సంప్రదించండి." దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ గుళ్లోకెళ్తే దేవుడు పూజారిని చూపిస్తాడు, పూజారి దేవుణ్ని చూపిస్తాడు. మధ్యలో హుండీ మాత్రం నిలకడగా ఉంటుంది.

అప్పుడు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైన మావయ్య రంగంలోకి దిగాడు. "ఏరా అల్లుడూ, ఇవన్నీ ఎవడు రాయమన్నాడ్రా నిన్ను? వాడికి నీ మోకాళ్ల నొప్పి ఎందుకు? అరపేజీ చాలు, రాసుకో" అన్నాడు.

అరపేజీలో ఉన్నది ఇది. బండి నంబరు, ఛాసిస్ నంబరు. కొన్న తేదీ. ఆగిపోయిన తేదీ, మీటరు రీడింగు. జరిగిన సర్వీసులన్నిటి తేదీలు, బిల్లుల కాపీలతో. ఆటోనగర్‌లో మార్చిన ఆయిలు బ్రాండు, గ్రేడు, దాని బిల్లుతో సహా. ఏ భాగం పోయింది, ఎందుకు పోయిందో కారణం రాతపూర్వకంగా కావాలి. ఆయిల్ ట్రే, బేరింగుల ఫొటోలు జతచేశాం. విప్పిన భాగాలు పారేయకండి. అరవై ఒక్క వేలకు బేరింగు అరగడం మామూలేనా, మామూలే అయితే అదే ముక్క రాసి ఇవ్వండి. చివరి వాక్యం: పార్ట్స్ ఖర్చు కంపెనీ భరించాలని కోరుతున్నాం. తిట్టు లేదు, ఏడుపు లేదు. కాపీ డీలరుకు, కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి.

"మామూలే అని రాసివ్వడం ఉంది చూశావా, అది ఏ కంపెనీ చెయ్యదురా. మా బస్సులు పది లక్షల కిలోమీటర్లు తిరిగేవి" అని మావయ్య మీసం దువ్వాడు.

ఈసారి జవాబు అరనిమిషంలో రాలేదు. నాలుగు రోజులు పట్టింది. అంటే మనిషి చదివాడన్నమాట.

వారంటీ దాటాక కంపెనీ పెట్టుకునే ఖర్చుకు ఈ వ్యాపారంలో 'గుడ్‌విల్' అని పేరు. మంచి మనసు. గడువుకు ఎంత దగ్గర్లో చెడింది, సర్వీసులు ఎక్కడ జరిగాయి, బండి ఎన్నో చేతిలో ఉంది, ఇదే ఇంట్లో ఈ కంపెనీ బండి ఇంకోటి ఉందా అని లెక్క వేసి, మంచి మనసు ఎంత శాతమో తేలుస్తారు. పార్ట్స్ మాది లేబరు మీది, లేదా సగం సగం. బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు, ధరల పట్టికలో కనబడదు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతను బాగా ఒంటబట్టించుకున్న దయ ఇది. అడిగినవాడికే పెట్టి, అడగని పక్కింటాయన దగ్గర పూర్తి బిల్లు వసూలు చేస్తుంది. అమెరికాలో దీన్ని 'రహస్య వారంటీ' అన్నారు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు, ఇలాంటి సదుపాయం పెడితే బండి ఉన్నవాళ్లందరికీ ఉత్తరం రాసి చెప్పాలని చట్టమే చేశాయి. మన దగ్గర దయ ఇంకా గుప్తదానంగానే ఉంది.

దయ కలగకపోతే? మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 110ఎ సెక్షను కింద, లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ప్రభుత్వమే ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి నియమాలు కూడా అమల్లో ఉన్నాయి. అయితే ఆ లోపం రోడ్డు భద్రతకో పర్యావరణానికో ముప్పు తెచ్చేదై ఉండాలి, నిర్ణీత సంఖ్యలో యజమానులో, పరీక్షా సంస్థో, మరొకరో దాన్ని ప్రభుత్వం దృష్టికి తేవాలి, బండికి ఏడేళ్లు నిండకూడదు. ఆసామి జేబుకు వచ్చిన ముప్పు ఈ జాబితాలో లేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీదారు బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. చదువుతుంటే ఆసామికి ప్రాణం లేచొచ్చింది. కిందికి వస్తే, 'హాని' అంటే వస్తువు వల్ల మనిషికో, వేరే ఆస్తికో కలిగినదేనట. వస్తువు తనకు తాను చేసుకున్నది లెక్కలోకి రాదు. ఇంజను పేలి ఇంటి గోడ కూలితే గోడకు పరిహారం అడగొచ్చు గానీ, ఇంజనుకు ఆ అధ్యాయం పనికిరాదు. ఇంజను కోసం అదే చట్టంలో 'లోపం', 'సేవాలోపం' అనే పాత తలుపులు తట్టాలి. తయారీలోనే లోపముందని చూపాల్సిన భారం ఆసామిదే. అవసరమైతే కమిషన్ ల్యాబు పరీక్షకో నిపుణుడికో పంపుతుంది.

సుప్రీంకోర్టు మాటలు రెండు వైపులా ఉన్నాయి. వారంటీ పాడైన భాగం మార్చడానికే గానీ కారు మొత్తం మార్చడానికి కాదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో చెప్పింది. 2022 ఏప్రిల్‌లో, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా కేసులో మాత్రం కారు మార్చివ్వాలన్న కింది ఉత్తర్వును నిలబెట్టింది. ఢీకొన్న వేగం, బలం లెక్కలు కట్టడానికి కారు కొన్నవాడు భౌతికశాస్త్ర పండితుడు కానక్కర్లేదని కూడా అంది. ఈ ముక్క సర్వీస్ సెంటర్లలో, కాఫీ మిషను పక్కన, ఫ్రేము కట్టి పెడితే బాగుండు.

మావయ్య రెండో అరపేజీ రాయించాడు. అందులో పైవేవీ లేవు. పదిహేను రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని ఒక్క వాక్యం. అంతే.

పదకొండో రోజున ఫోను. ప్రాంతీయ కార్యాలయం నుంచి, మనిషి గొంతుతో. "సార్, మీరు మా విలువైన కస్టమర్. ప్రత్యేక సందర్భంగా పార్ట్స్‌లో డెబ్బై శాతం కంపెనీ పెట్టుకుంటుంది. లేబరు, మిగతాది మీది." దాంతోపాటు సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి వచ్చింది. ఇది కంపెనీ సుహృద్భావంతో ఇస్తున్నదే తప్ప లోపం ఉన్నట్టు ఒప్పుకోవడం కాదు, ఇకపై ఈ విషయంలో ఎలాంటి క్లెయిమూ చేయను అని. లోపం లేని ఇంజనుకు డెబ్బై శాతం ఎందుకిస్తున్నారని ఆసామి అడగబోతే మావయ్య తొడ గిల్లాడు. కొత్త ఇంజనుకు వారంటీ ఎన్నాళ్లో అదే కాగితం మీద రాయించాకే సంతకం పెట్టనిచ్చాడు.

కారు బయటికొచ్చిన రోజున పూలదండ లేదు, స్వీటు డబ్బా లేదు. ఊరికే కడిగిచ్చారు. మర్నాడు పొద్దున్నే ఫోను: "సార్, సర్వీస్ ఎలా ఉంది? పదికి పది ఇవ్వండి సార్. తొమ్మిదిచ్చినా మాకు ఫెయిలే."

ఇచ్చాడో లేదో ఆసామి ఎవరికీ చెప్పలేదు. చదువరులు మాత్రం ఈ మూడు సంగతులు రాసిపెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపు కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. పది లక్షలు దాటి ఇరవై లక్షల లోపు పెట్టి కొన్న కారుకు ఫిర్యాదు ఫీజు 400 రూపాయలు.